కెరీతు వాగు ఎండినప్పుడు

చదువవలసిన భాగము: 1 రాజులు 17:1-16



వాగు ఎండుట యనగా ఏమో మన జిల్లావారికి ఎవరును బోధింపనక్కరలేదు. ఏటికి సగటున 550 మిల్లీమీటర్లకు అటు ఇటుగా వాన పడు సీమ మనది. అదియు కాలమునకు పడిన ఏడు మనకు పండుగ. చిత్రావతిలోగాని పెన్నలోగాని నీరు పారుట చూచిన దినములకంటె ఇసుక మెరయుట చూచిన దినములే ఎక్కువ. మొదట పారుదల నిలుచును. తరువాత మడుగులు మిగులును. మడుగులు పోయి తడి ఇసుక మిగులును. ఆ మీదట చెలమ త్రవ్వి చెంబుతో ముంచుకొందుము. కావున ఏలీయా చరిత్రలో ఇతర సీమలవారు త్వరగా చదివి దాటిపోవు ఏడవ వచనమునొద్ద మనము కొంతసేపు నిలువగలము.

ఈ మాసము ఈ భాగమును ఎన్నుకొనుటకు కారణమున్నది. మా పాస్టరేటులో ఒక రైతు కుటుంబమున్నది. నాలుగెకరముల చెనక్కాయ చేను, రెండు ఎండిన బోర్లు. కుమార్తె గణితములో డిగ్రీయు, తరువాత బి.ఇడి.యు ముగించి, మండల కేంద్రములోని ఒక ప్రైవేటు పాఠశాలలో కొన్ని ఏండ్లు బోధించెను. 2023 ఫిబ్రవరి నుండి ఇంగ్లండు దేశమువారు మన దేశపు గణిత, విజ్ఞాన, భాషోపాధ్యాయులలో తగిన చదువును అనుభవమును గలవారు, అక్కడ మరల శిక్షణ పొందకయే ఆ దేశపు ఉపాధ్యాయ అర్హతను పొందుటకు దారి తెరచిరి. ఆ దారినే ఈ సహోదరి దరఖాస్తు పెట్టి, కంప్యూటరు ఎదుట కూర్చుండి ప్రశ్నలకు ఉత్తరములిచ్చి, అక్కడి పాఠశాలలో ఉద్యోగము సంపాదించెను. వీసాయు మంజూరయ్యెను. ఆ ఆదివారము తలిదండ్రులు కృతజ్ఞతార్పణ చెల్లించిరి. ఆమె సాక్ష్యము చెప్పెను. సంఘమంతయు స్తోత్రము చెల్లించెను. మధ్యాహ్నము అందరము వారి యింట భోజనము చేసితిమి.

ప్రయాణమునకు మూడు వారములుండగా పాఠశాలనుండి జాబు వచ్చెను. పిల్లల సంఖ్య తగ్గినందున ఆ ఉద్యోగమును తీసివేసితిమనియు, మిక్కిలి విచారించుచున్నామనియు అందులో ఉన్నది. కొలది దినములలో వీసాయు రద్దయ్యెను.

ఇచ్చట ఒక సంగతి తెలిసికొనవలెను. పని వీసా యనునది మన చేతికి వచ్చిన పట్టా వంటిది కాదు. అది యజమాని ఇచ్చిన పూచీపత్రముమీద నిలుచును. పూచీ తీసినయెడల వీసాయు నిలువదు. ఆ దేశము చేరిన తరువాత ఉద్యోగము పోయినను ఇంతే. బ్రిటనులో సాధారణముగా 60 దినములును, అమెరికాలో హెచ్-1బి వీసా గలవారికి 60 దినములవరకును గడువుండును. ఆలోపల వేరొక యజమాని దొరకవలెను, లేదా మూట కట్టుకొనవలెను. డబ్బు సంగతియు అట్టిదే. బ్రిటనుకు వెళ్లు పనివారు వైద్యము నిమిత్తము ఏటికి 1,035 పౌండ్ల చొప్పున, వీసా కాలమంతటికిని ముందుగానే కట్టవలెనని 2024 ఫిబ్రవరి నుండి నియమమున్నది. మూడేండ్లకు అది మూడు లక్షల రూపాయలు దాటును. వీసా మంజూరైన తరువాత ప్రయాణము జరుగనియెడల ఆ సొమ్ము తిరిగి రాదు. బోరు వేయించి నీళ్లు పడనప్పుడు యంత్రపు కూలి ఎవరును తిరిగి ఇయ్యరు గదా. ఆ తండ్రికి ఈ లెక్క వేరుగా వివరింపనక్కరలేకపోయెను.

ఇదంతయు దుఃఖమే. అయితే ఆ యింటివారిని ఎక్కువగా కృంగదీసినది మన మాటలు. కొళాయి యొద్ద, అంగడి యొద్ద, ఆరాధన ముగిసి వాకిట నిలిచినప్పుడు, "మీ పాప ఇంగా పోలేదా?" అని అడుగనివారు లేరు. తరువాత అడుగుట మాని, గుసగుసలాడ మొదలిడిరి. ప్రార్థన చాలలేదని కొందరు, అతిశయించినందున దేవుడు అడ్డగించెనని కొందరు, దశమభాగము ఎగగొట్టిరేమోనని మరికొందరు. ఆ తల్లి బుధవారపు కూటమునకు వచ్చుట మానెను.

ఇప్పుడు వాక్యమును చూతము. కెరీతు వాగు ప్రక్కకు ఏలీయా తన ఇష్టముచొప్పున వెళ్లలేదు. యెహోవా సెలవిచ్చెను, అతడు వెళ్లెను. ఏ వాగు నీళ్లు త్రాగవలెనో, ఏ పక్షులు ఆహారము తెచ్చునో దేవుడే ముందు చెప్పెను. ఇంతకంటె స్పష్టమైన నడిపింపు మనలో ఎవరికి కలిగినది? ఆ వాగే ఎండిపోయెను. ఎందుకు ఎండెనో గ్రంథకర్త దాచలేదు: దేశములో వాన లేదు, గనుక ఎండెను. ఏలీయా పాపమని చెప్పలేదు, విశ్వాసలోపమని చెప్పలేదు. వాన లేనిచోట వాగు ఎండును, అంతే. పైగా ఆ అనావృష్టి ఏలీయా నోటనే ప్రకటింపబడినది. వాన కురియకుండ అతడు ప్రార్థించెనని యాకోబు 5:17 తెలుపుచున్నది. అహాబు మీదికి వచ్చిన కరువు ప్రవక్త త్రాగు నీటిని వదలిపెట్టలేదు.

ఆ దూరదేశపు పాఠశాలలో పిల్లలు తగ్గుటయు ఇట్టిదే. పిల్లలు తగ్గినచో ప్రభుత్వము ఇచ్చు సొమ్ము తగ్గును. సొమ్ము తగ్గినచో ఉపాధ్యాయులు తగ్గుదురు. కళ్యాణదుర్గమువైపున ఒక పల్లెలో కూర్చుండి గణితము చెప్పు అమ్మాయి దశమభాగమునకును ఆ లెక్కకును ఏమి సంబంధము? పుట్టు గ్రుడ్డివానిని చూచి శిష్యులు అడిగిన ప్రశ్ననే మనము అడుగుచున్నాము. వీడు పాపము చేసెనా, వీని కన్నవారా అని. యేసు ఆ రెండింటిని కాదనెను (యోహాను 9:2-3). కాదనిన తరువాత కూడ మనము అడుగుట మానలేదు.

ఇట్టి కష్టమునకు మూలము ఒక్కొక్కప్పుడు యజమానియే. అమెరికాలోని మేరీలాండు రాష్ట్రములో ప్రిన్స్ జార్జెస్ కౌంటీ యను చోటి పాఠశాలల అధికారులు విదేశములనుండి, ముఖ్యముగా ఫిలిప్పీన్స్ నుండి, వెయ్యిమందికి పైగా ఉపాధ్యాయులను పిలిపించుకొనిరి. చట్టప్రకారము యజమాని భరింపవలసిన వీసా ఖర్చులను ఉపాధ్యాయులచేత కట్టించిరి. 2011లో ఆ దేశపు కార్మికశాఖ విచారించి, దాదాపు 42 లక్షల డాలర్లు ఉపాధ్యాయులకు తిరిగి ఇప్పించెను. అంతవరకు న్యాయమే. కాని శిక్షగా ఆ అధికారులు రెండేండ్లు విదేశీయులకు వీసా పూచీ ఇయ్యరాదని నిషేధించుటవలన, వీసా గడువు తీరిన ఉపాధ్యాయులకు పొడిగింపు లేక ఉద్యోగములు పోయెను. తప్పు చేసినవారు ఒకరు, ఇల్లు ఖాళీ చేసినవారు మరియొకరు. ఆ ఉపాధ్యాయులలోను ప్రార్థించినవారు, కృతజ్ఞతలు చెల్లించినవారు ఉండకపోరు.

మరియొక సంగతి. వాగు ఎండిన తరువాతనే యెహోవా వాక్కు మరల వచ్చెను (8వ వచనము). ముందుగా రాలేదు. నీళ్లు సగమైనప్పుడు, మడుగైనప్పుడు, తడి ఇసుకయైనప్పుడు ఏలీయా దినదినము ఆ వాగును చూచుచుండవలెను. ఆ దినములలో దేవుడు అతనితో ఏమి మాటలాడెనో వ్రాయబడలేదు. కాబట్టి అట్టి దినములలో నున్నవారి యింటికి వెళ్లి, "దేవుడు ఇంతకంటె మేలైనది దాచియుంచెను" అని మనము చెప్పుట తొందరపాటని నా అభిప్రాయము. సారెపతు కెరీతుకంటె మేలైనదని లేఖనము చెప్పలేదు. జాగ్రత్తగా చదివితిరా? కెరీతునొద్ద ఉదయ సాయంకాలములు రొట్టెయు మాంసమును దొరికెను. సారెపతులో దొరికినది తొట్టిలోని పిండి, బుడ్డిలోని నూనె మాత్రమే. మాంసము మాట అచ్చట లేదు. దానికితోడు అది పరదేశము, అహాబు భార్యయైన యెజెబెలు పుట్టిన సీదోను దేశము. పుల్లలు ఏరుకొనుచు, ఇదే కడపటి భోజనమనుకొన్న ఒక బీద విధవరాలి యెదుట ప్రవక్త చెయ్యి చాచవలసివచ్చెను. దేవుడు అతనికి మేడనిచ్చుటకు బదులు, తనకంటె బీదయైన యొక మనిషిని చూపెను.

ఆ విధవరాలు అతనిని, నీ వాగు ఎందుకు ఎండినదని అడుగలేదు.

మన జిల్లా ఒకసారి సారెపతు ఆయెను. స్పెయిను దేశస్థుడైన విన్సెంట్ ఫెర్రర్ గారు 1952లో మన దేశమునకు వచ్చి, మహారాష్ట్రలోని మన్మాడ్ ప్రాంతమున రైతులకు బావులు త్రవ్వించు పనిలోనుండెను. 1968లో దేశము విడిచి పొమ్మని ఆయనకు ఉత్తరువు వచ్చెను. రైతులు వేలకొలది ఆయన పక్షమున నడచిరి. ఆయన వెళ్లి, తిరిగి వచ్చుటకు అనుమతి పొంది, 1969లో అనంతపురము చేరెను. అప్పటికి ఆయన చేతిలో ఉన్నది కొంచెమే. 2009లో ఇక్కడనే కన్నుమూసెను. ఆయన రోమను సభనుండి వచ్చినవాడు, మన ఆరాధనక్రమము ఆయనది కాదు; అయినను బత్తలపల్లి ఆసుపత్రికి వెళ్లని కుటుంబము మన సంఘములలో అరుదు. ఆయనను మొదట లోపలికి రమ్మని పిలిచిన మన పెద్దలు, "నిన్ను అక్కడనుండి ఎందుకు పంపివేసిరి?" అని వాకిటనే నిలువబెట్టియుండినచో ఏమగును? అపొస్తలుడైన పౌలు అదే స్పెయినుకు వెళ్లగోరితినని రోమీయులకు వ్రాసెను (15:24). వెళ్లెనో లేదో లేఖనము చెప్పదు. అందువలన పౌలును ఎవరును తక్కువగా ఎంచరు.

ఇక చేయవలసిన పనులు. విదేశ ఉద్యోగమునకు పిల్లలను పంపగోరు తలిదండ్రులు ఇది గుర్తించవలెను: పదవ తరగతి ముగించినవారి పాస్‌పోర్టునకు వలస అధికారి అనుమతి అవసరము లేదు. ఇది సౌకర్యమే, గాని దీనివలన ఉపాధ్యాయుల ఒప్పందపత్రమును బయలుదేరుటకు ముందు ఏ అధికారియు చూడడు. మనమే చూడవలెను. ఉద్యోగము తీసివేయదలచినయెడల ఎన్ని దినముల ముందు తెలుపవలెను, నష్టమేమైన ఇత్తురా అని ఒప్పందములో వెదకవలెను. ఉద్యోగము చూపు ఏజెంటు 1983 నాటి వలస చట్టము క్రింద నమోదు చేసికొనినవాడై యుండవలెను. అతడు తీసికొనదగినది 30,000 రూపాయలును దానిమీది పన్నును మాత్రమే. మా సహోదరియొద్ద నగరములోని ఒకాయన దానికి ఎన్నో రెట్లు తీసికొని, రసీదు అడిగినచో నవ్వెనట. రసీదు లేని రూపాయి ఇయ్యకుడి. కేంద్రప్రభుత్వపు ఈ-మైగ్రేట్ పట్టికలో ఏజెంటు పేరు చూడవచ్చును. ప్రవాసీ భారతీయ సహాయ కేంద్రము 1800 11 3090 అను నంబరున ఖర్చు లేకుండ మాటలాడును. వచ్చిన ప్రతి జాబును దాచుకొనవలెను. ఉన్న ఉద్యోగమునకు రాజీనామా ఇచ్చుట వీలైనంత ఆలస్యము చేయవలెను. మా సహోదరి వీసా వచ్చిన మరునాడే ఇచ్చెను, ఆ స్థలములో మరియొకరు చేరిరి.

అప్పు సంగతి వ్రాయుటకు కలము ఆగుచున్నది, గాని వ్రాయకుండుట సరికాదు. ఆమె తండ్రి ఏజెంటుకును ఆ వైద్యపు రుసుమునకును మూడు లక్షలు అప్పు తెచ్చెను, నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి. ఇచ్చినవారు బయటివారు కారు, మన సంఘస్థులే. కృతజ్ఞతార్పణ దినమున ముందు వరుసలో కూర్చుండి ఆమేన్ అనినవారే. జాబు వచ్చిన వారమునకు మొదట వాకిట నిలిచినవారును వారే. కరువు దినములలో యూదులు తమ సహోదరులయొద్ద పొలములు కుదువపెట్టించుకొని వడ్డీ తీసికొనగా, నెహెమ్యా వారిని సమాజము ఎదుట నిలిపి, తీసికొనిన నూరవ భాగమును తిరిగి ఇయ్యుడనెను (నెహెమ్యా 5:11). ఆ నూరవ భాగము నెలకు నూటికి ఒకటి యని పలువురు పండితులు తలంతురు. మనము తీసికొనునది రెండు. అసలు అడుగవద్దని నేను చెప్పను. ఇచ్చినవారికిని పిల్లలున్నారు, వారి చేనును ఎండినదే. వడ్డీని ఈ ఏటికి విడువుడని మాత్రము ఆ సహోదరుని యింటికి వెళ్లి అడిగితిని. ఆలోచించి చెప్పెదననెను. ఇంకను చెప్పలేదు.

ఆమె ఇప్పుడు సాయంకాలములలో మన గుడి వసారాలో పదవ తరగతి పిల్లలకు లెక్కలు చెప్పుచున్నది. కొందరు డబ్బు ఇచ్చుచున్నారు, కొందరు పంటలో ఇచ్చెదమనుచున్నారు. పాత పాఠశాలవారు జూన్‌లో ఖాళీ వచ్చినచో పిలిచెదమనిరి. తిరిగి విదేశమునకు దరఖాస్తు పెట్టెదవా అని నేను అడుగలేదు. మీరును అడుగకుడి, ఆమె తానై చెప్పువరకు.

స్త్రీల సహవాసములోను యౌవనుల కూడికలోను ఈ భాగమును చదువువారు నెహెమ్యా 5:1-13 కూడ చదివి, ఈ ప్రశ్నలమీద మాటలాడుకొనవలెను. మంచి వార్త వచ్చినప్పుడు ఆరాధనలో సాక్ష్యము చెప్పనిచ్చుచున్నాము. చెడ్డ వార్త వచ్చినవారికి మన ఆరాధనలో చోటెక్కడ? సంఘ పెట్టెలోని సొమ్ములో కొంత ఇట్టి కుటుంబములకు వడ్డీ లేకుండ అప్పుగా ఇయ్యవచ్చునా? సంఘ పెద్దలు ఈ రెండవ ప్రశ్నకు ఉత్తరమును వచ్చు పాస్టరేటు కమిటీ లోపల వ్రాతమూలముగా తెలుపవలెనని కోరుచున్నాము.