కంప్యూటర్ పెట్టెలో ఇద్దరి పోటీ

మీ బడిలో కంప్యూటర్ గది ఉంటే అక్కడి పెట్టెలను ఒకసారి పరిశీలించండి. చాలావాటి మీద ఒక చిన్న చీటీ అతికించి ఉంటుంది. దాని మీద ఇంటెల్ అనో, ఏఎండీ అనో రాసి ఉంటుంది. పెట్టెను అమ్మిన కంపెనీలు ఎన్నో ఉండవచ్చు. కాని లోపల లెక్కలు చేసే ప్రాసెసర్ మాత్రం చాలావరకు ఈ రెండింటిలో ఒకదానిదే అయి ఉంటుంది. ఇంత పెద్ద ప్రపంచంలో ఇద్దరే ఎందుకున్నారు? వారు పోటీపడితే మనకేమిటి లాభం?

ముందు ప్రాసెసర్ అంటే ఏమిటో తెలుసుకుందాం. మన అనంతపురం చెరువులకు తూములుంటాయి. తూము ఎత్తితే నీరు కాలువలోకి పారుతుంది, దించితే ఆగుతుంది. ట్రాన్సిస్టర్ కూడా అలాంటి తూమే. అయితే అందులో పారేది నీరు కాదు, విద్యుత్తు. దాన్ని ఎత్తి దించేది నీరుగంటి కాదు, మరొక తీగ నుంచి అందే వోల్టేజి. పారితే 1, ఆగితే 0. ఒక తూము ఎత్తగానే మరొకటి దిగేటట్లు వాటిని తెలివిగా జతచేస్తే కూడికలు చేయించవచ్చు, రెండు సంఖ్యల్లో ఏది పెద్దదో చెప్పించవచ్చు. ఇలాంటి తూములను కోట్లకొద్దీ ఒక చిన్న సిలికాన్ పలక మీద అమర్చితే అదే ప్రాసెసర్.

ఇక ఆ ఇద్దరి కథ. 1968లో రాబర్ట్ నాయిస్, గార్డన్ మూర్ అనేవారు ఇంటెల్‌ను స్థాపించారు. మరుసటి ఏడు జెర్రీ శాండర్స్ తన సహచరులతో ఏఎండీని ప్రారంభించాడు. ఈ ముగ్గురూ అంతకుముందు ఫెయిర్‌చైల్డ్ అనే ఒకే సంస్థలో పనిచేసినవారే. 1981లో ఐబీఎం తన వ్యక్తిగత కంప్యూటర్‌కు ఇంటెల్ వారి 8088 ప్రాసెసర్‌ను ఎంచుకున్నది. కాని ఒక్క కంపెనీ మీదే ఆధారపడితే ఎలా? అక్కడ సరఫరా ఆగితే ఇక్కడ పని ఆగుతుంది. అందువల్ల అదే చిప్‌ను తయారుచేసే రెండో సంస్థ కూడా ఉండాలని ఐబీఎం పట్టుబట్టింది. అలా 1982లో ఇంటెల్, ఏఎండీల మధ్య ఒప్పందం కుదిరింది.

1985లో 386 అనే చిప్ వచ్చినప్పుడు ఇంటెల్ దాని నమూనాలు ఇవ్వటానికి ఒప్పుకోలేదు. ఏఎండీ తన సొంత 386ను 1991లో విడుదల చేసింది. ఇద్దరూ కోర్టుకెక్కారు. అంకెల మీద ఎవరికీ ట్రేడ్‌మార్కు హక్కు ఉండదని తేలటంతో ఇంటెల్ తన తర్వాతి చిప్‌కు 586 అని కాక, గ్రీకు భాషలో ఐదు అనే మాట నుంచి తీసి పెంటియం అని పేరు పెట్టింది. అది 1993 నాటి మాట. ఆ పెంటియం రూపకల్పనలో ముఖ్యుడు మన దేశంలో పుట్టిన వినోద్ ధామ్.

ఇద్దరే మిగలటానికి కారణం ఈ చరిత్రలోనే ఉన్నది. ప్రాసెసర్‌కు ఇచ్చే ఆజ్ఞలకు ఒక భాష ఉంటుంది. మన డెస్క్‌టాప్ కంప్యూటర్లలో ఎక్కువ ప్రోగ్రాములు ఆ 8086 వంశపు భాషలోనే నడుస్తాయి. ఆ భాష మాట్లాడే చిప్‌లు చేసే హక్కు చాలావరకు ఈ ఇద్దరి చేతిలోనే ఉండిపోయింది.

ఇప్పుడొక లెక్క చేద్దాం. చిప్ మీది ట్రాన్సిస్టర్ల సంఖ్య సుమారు రెండేళ్లకొకసారి రెట్టింపవుతుందని మూర్ ఊహించాడు. 1971లో వచ్చిన ఇంటెల్ 4004లో 2,300 ట్రాన్సిస్టర్లున్నాయి. 1993 నాటికి 22 ఏళ్లు, అంటే 11 రెట్టింపులు. 2,300ను 2,048తో గుణించండి. 47 లక్షలు దాటుతుంది. నిజంగా పెంటియంలో ఉన్నవి 31 లక్షలు. సరిగ్గా సరిపోలేదు కదా? కాని ఇరవై రెండేళ్ల లెక్కకు ఇది చాలా దగ్గర. మూర్ చెప్పినది న్యూటన్ సూత్రం వంటి ప్రకృతి నియమం కాదని కూడా దీనివల్ల తెలుస్తుంది. పోటీలో వెనకబడకూడదని ఇంజనీర్లు పట్టుదలతో నిలబెట్టిన మాట అది.

చాలాకాలం పోటీ అంతా వేగం మీదనే సాగింది. 2004లో ఇంటెల్ పెంటియం 4 చిప్ 3.8 గిగాహెర్ట్జ్‌కు చేరింది. అంటే సెకనుకు 380 కోట్ల టిక్కులు. అక్కడ వేడి అడ్డుపడింది. 4 గిగాహెర్ట్జ్ చిప్ తెస్తామన్న మాటను ఇంటెల్ ఆ ఏడాదే విరమించుకున్నది. బోరుకు పెద్ద మోటారు బిగించి రాత్రింబగళ్లు నడిపితే ఏమవుతుందో మన రైతుబిడ్డలకు చెప్పనక్కరలేదు! అందువల్ల ఒకే చిప్‌లో రెండు, నాలుగు కోర్లు పెట్టటం మొదలైంది. కోర్ అంటే పూర్తి పని చేయగల ఒక ప్రాసెసర్ అనుకోండి. వేరుశనగ పీకటానికి పదిమంది దిగితే పని త్వరగా తెములుతుంది. కాని బావి అడుగున తవ్వటానికి పదిమంది దిగితే ఒకరికొకరు అడ్డం. కంప్యూటర్ పనుల్లోనూ ఈ రెండు రకాలున్నాయి. కోర్లు రెట్టింపైతే ప్రతి పనీ రెండింతలు వేగంగా సాగుతుందనుకోవద్దు.

పోటీ లేకపోతే ఏమవుతుందో చూడండి. 2011లో ఏఎండీ తెచ్చిన బుల్‌డోజర్ చిప్‌లు ఆశించినట్లు పనిచేయలేదు. ఆ తర్వాత ఐదారేళ్లపాటు ఇంటెల్ మామూలు డెస్క్‌టాప్ చిప్‌లు నాలుగు కోర్ల దగ్గరే నిలిచాయి. ఎనిమిది కోర్లు కావాలంటే 2016లో వెయ్యి డాలర్లు దాటేది. 2017 మార్చిలో ఏఎండీ ఎనిమిది కోర్ల రైజెన్‌ను 499 డాలర్లకు పెట్టింది. అదే ఏడాది అక్టోబరులో ఇంటెల్ ఆరు కోర్లు, మరుసటి ఏడు ఎనిమిది కోర్లు ఇచ్చింది. ఇంటెల్ ఇంజనీర్లకు ఆ తెలివి ఒక్క ఏడాదిలో పుట్టుకొచ్చిందంటారా? నేను నమ్మను.

అలాగని ఇద్దరూ ఎప్పుడూ కత్తులు దూస్తూనే ఉన్నారనుకోకండి. 64-బిట్ ఆజ్ఞలను 2003లో ఏఎండీ ప్రవేశపెడితే, మరుసటి ఏడు ఇంటెల్ వాటినే స్వీకరించింది. 2017 నవంబరులో ఏఎండీ గ్రాఫిక్స్ చిప్‌ను తన ప్రాసెసర్ పక్కన ఒకే పలకపై అమరుస్తున్నట్లు ఇంటెల్ ప్రకటించింది. అదే వారంలో ఏఎండీ గ్రాఫిక్స్ విభాగాన్ని నడిపిన మన తెలుగువాడు రాజా కోడూరి ఇంటెల్‌లో చేరుతున్నట్లు ప్రకటన వెలువడింది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనూ, తర్వాత ఖరగ్‌పూర్ ఐఐటీలోనూ చదివిన ఆయన 2023 దాకా అక్కడ పనిచేశారు. ఈ రెండు సంస్థలకూ హైదరాబాదులో రూపకల్పన కేంద్రాలున్నాయి.

రూపకల్పన వేరు, తయారీ వేరు. ఇది గమనించవలసిన విషయం. ఏఎండీ తన కర్మాగారాలను 2009లో విడదీసింది. దాని ముఖ్యమైన చిప్‌లు తైవాన్‌లోని టీఎస్‌ఎంసీ అనే సంస్థ తయారుచేస్తున్నది. ఇంటెల్‌కు సొంత కర్మాగారాలున్నా, 2024లో వచ్చిన దాని డెస్క్‌టాప్ చిప్ 'ఆరో లేక్'లోని లెక్కలు చేసే ముక్క కూడా టీఎస్‌ఎంసీ చేసినదే! పోటీపడే ఇద్దరు రైతులు ఒకే మిల్లుకు కాయలు తోలినట్లున్నది. తర్వాతి డెస్క్‌టాప్ చిప్ 'నోవా లేక్' 2026 చివరలో వస్తుందని ఇంటెల్, 'జెన్ 6' రకాన్ని 2 నానోమీటర్ పద్ధతిలో తెస్తామని ఏఎండీ 2025లో ప్రకటించాయి. ఈ నానోమీటర్ అంకె నేడు తరగతికి పెట్టిన పేరే గాని ట్రాన్సిస్టర్ కొలత కాదు. దుకాణంలో 'ఐ7' అన్న మాట ఒక్కటే చూపి అమ్మినా ఇలాగే మోసపోతారు. పదేళ్ల కిందటి ఐ7 కంటె కొత్త ఐ3 మెరుగు కావచ్చు. ఇంట్లో వేరుశనగ అమ్మిన డబ్బు పెట్టి కొనేటప్పుడు అది ఏ తరం చిప్, ఏ ఏడాది వచ్చినది అని అడగండి.

మరి చిప్‌లు మన దగ్గరే ఎందుకు చేయకూడదు? ఆ ప్రయత్నం జరిగింది. 2006లో హైదరాబాదు శివార్లలో ఏఎండీ సాంకేతిక సహకారంతో సెమ్‌ఇండియా అనే సంస్థ ఫ్యాబ్ సిటీని తలపెట్టింది. ఆ చిప్ కర్మాగారం రాలేదు. ఇలాంటి కర్మాగారానికి వేలకోట్ల పెట్టుబడి, క్షణం ఆగని విద్యుత్తు, అన్నిటికంటె విస్తారంగా శుద్ధజలం కావాలి. మీ బోరు నీటిని ఒక స్టీలు పళ్లెంలో పోసి ఎండబెట్టండి. తెల్లని పొర మిగులుతుంది కదా? అవి కరిగి ఉన్న లవణాలు. చిప్‌లను కడిగే నీటిలో మలినం వందకోట్ల భాగాల్లో ఒక భాగం ఉన్నా ఎక్కువే. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే మన జిల్లాలో అంత నీరు ఎక్కడి నుంచి తెస్తాం?

అయితే పలక మీద ట్రాన్సిస్టర్లు చెక్కటం ఒక దశ మాత్రమే. ఆ తర్వాత చిప్‌ను ముక్కగా కోసి, తీగలు కలిపి, తొడుగు వేసి, పరీక్షించాలి. దీన్ని ప్యాకేజింగ్ అంటారు. దానికి నీటి అవసరం చాలా తక్కువ. దక్షిణ కొరియా సంస్థ సహకారంతో ఏడాదికి 9 కోట్ల 60 లక్షల చిప్‌లను ప్యాకేజింగ్ చేసే కర్మాగారాన్ని ఆంధ్రప్రదేశ్‌లో నెలకొల్పటానికి కేంద్ర మంత్రివర్గం 2025 ఆగస్టులో అనుమతి ఇచ్చింది.