తక్కువ ఖర్చుతో మంచి షేవింగ్ సబ్బు – ఎంపిక, వాడకం



వార్షికోత్సవ సంచిక అనగానే చదువు గురించో, ఉద్యోగ పరీక్షల గురించో, మహనీయుల గురించో రాయాలని అందరూ అనుకుంటారు. అవన్నీ అవసరమే. కానీ ఇంటర్‌కు వచ్చేసరికి ప్రతి అబ్బాయికీ ఎదురయ్యే గడ్డం గురించి చెప్పేవారు ఉండరు. ఇంట్లో నాన్నను అడగడానికి మొహమాటం, హాస్టల్లో అన్నలను అడిగితే నవ్వుతారేమోనని బెరుకు. అందుకే హాస్టల్లో చదివి బయటికి వెళ్లిన కొందరం కలిసి ఈ చిన్న పాఠం రాస్తున్నాం. కాస్మెటిక్ ఛార్జీల డబ్బులతోనే సబ్బు, నూనె, పేస్టు అన్నీ సరిపెట్టుకోవాలి కాబట్టి ఖర్చు లెక్క కూడా చేర్చాం.

1. స్నానం సబ్బు ఎందుకు సరిపోదు?

పదో తరగతిలో కార్బన్ సమ్మేళనాల పాఠం గుర్తు తెచ్చుకోండి. నూనె లేదా కొవ్వును క్షారంతో కలిపితే సబ్బు, గ్లిజరిన్ వస్తాయి. దీన్నే సపోనిఫికేషన్ అంటారు. సోడియం హైడ్రాక్సైడ్ వాడితే గట్టి సబ్బు, పొటాషియం హైడ్రాక్సైడ్ వాడితే మెత్తని సబ్బు తయారవుతుంది. స్నానం సబ్బు సాధారణంగా సోడియం సబ్బు. దాని నురగ పెద్ద పెద్ద బుడగలతో లేచి, కాసేపటికే ఆరిపోతుంది. ఒళ్లు కడుక్కోవడానికి అది చాలు. గడ్డానికి చాలదు.

షేవింగ్ సబ్బులో స్టియరిక్ ఆమ్లం ఎక్కువగా ఉంటుంది. పొటాషియం సబ్బు కూడా కలుస్తుంది. అందువల్ల నురగ వెన్నలా చిక్కగా వచ్చి, చాలాసేపు నిలుస్తుంది. ఆ నురగ చేసే పనులు రెండు. ఒకటి, వెంట్రుకను తడిగా ఉంచడం. తడిసిన వెంట్రుక మెత్తబడి సులువుగా తెగుతుంది. రెండు, బ్లేడుకూ చర్మానికీ మధ్య జారుడు పొరగా నిలవడం.

స్నానం సబ్బు అట్ట మీద టిఎఫ్ఎమ్ 76 శాతం అని ఉంటే అది మొదటి గ్రేడు సబ్బు అని అర్థం. అది ఒంటికి మంచిదే. అంతమాత్రాన దాని నురగ గడ్డం మీద నిలుస్తుందని కాదు. ఇక బట్టల సబ్బును ముఖానికి అసలు వాడకండి. చర్మంలోని నూనెను లాగేసి మంట పుట్టిస్తుంది.

2. కొనేటప్పుడు చూడవలసినవి

అట్ట మీద పదార్థాల పట్టిక ఉంటుంది. ఎక్కువ పాళ్లలో ఉన్నవాటిని ముందు రాస్తారు. మొదటి నాలుగైదు పేర్లలో స్టియరిక్ యాసిడ్, పొటాషియం హైడ్రాక్సైడ్ లేదా పొటాషియం స్టియరేట్, గ్లిజరిన్ కనిపిస్తే అది షేవింగ్ కోసం చేసినదే అనుకోవచ్చు. వాసన, రంగు, డబ్బా మీది సినిమా హీరో బొమ్మ గడ్డం గీయవు. వాటికి డబ్బు పెట్టకండి.

గోద్రెజ్, వీ-జాన్ వంటి పేర్లతో క్రీము ట్యూబులు కిరాణా కొట్లలో దొరుకుతాయి. బిళ్ల సబ్బు కోసం సెలూన్ సామాన్లు అమ్మే దుకాణంలో అడగండి. డబ్బాలో నొక్కితే వచ్చే ఫోమ్ మన ఖర్చుకు తగినది కాదు.

3. ఖర్చు లెక్క

ట్యూబు ధర చూసి చౌక అనుకోకూడదు. ఒక్క షేవింగ్‌కు ఎంత పడిందో చూడాలి. ఉదాహరణకు 50 గ్రాముల బిళ్ల 50 రూపాయలు అనుకుందాం. ఒకసారికి ఒక గ్రాము అరిగితే 50 సార్లు వస్తుంది. వారానికి రెండుసార్లు చేసుకుంటే 25 వారాలు, అంటే దాదాపు ఆరు నెలలు. ఒక్కోసారికి ఒక రూపాయి. అదే 70 గ్రాముల ట్యూబు 70 రూపాయలు అనుకుందాం. క్రీములో నీటి పాలు ఎక్కువ కాబట్టి ఒకసారికి రెండు గ్రాములు పిండితే 35 సార్లే వస్తుంది. ఒక్కోసారికి రెండు రూపాయలు. గ్రాము ధర ఒకటే అయినా ఖర్చు రెట్టింపు. మీ ఊరి ధరలు వేసుకుని మీరే ఈ లెక్క చేయండి. వాడిన తర్వాత బిళ్లను తడి లేకుండా ఆరబెడితే ఇంకా ఎక్కువ రోజులు వస్తుంది.

4. బోరు నీళ్ల సమస్య

ఎంత మంచి సబ్బయినా ఉప్పు నీళ్లలో నురగ రాదు. ఆ నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు సబ్బుతో కలిసి తెల్లని తెట్టుగా మారతాయి. తాగునీటి ప్రమాణాల ప్రకారం కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే దిక్కు లేనిచోట 600 వరకు అనుమతిస్తారు. ఒక చిన్న ప్రయోగం చేయండి. రెండు సీసాల్లో ఒకదానిలో బోరు నీళ్లు, మరొకదానిలో వాన నీళ్లు పోసి, ఒకే సైజు సబ్బు ముక్క వేసి కుదపండి. తేడా మీకే కనిపిస్తుంది. నురగ చేయడానికి ఒక గ్లాసు ఫిల్టరు నీళ్లు చాలు. అవి లేకపోతే నీళ్లు మరిగించి తేర్చుకోండి. కాఠిన్యంలో కొంత భాగం అడుగున పేరుకుంటుంది.

5. వాడే పద్ధతి

స్నానం తర్వాత గడ్డం చేసుకోవడం మంచిది. లేదంటే రెండు మూడు నిమిషాలు గోరువెచ్చని నీటితో తడపండి. బ్రష్షును నీళ్లలో ముంచి, విదిలించి, బిళ్ల మీద అర నిమిషం తిప్పండి. తర్వాత ముఖం మీద కొద్దికొద్దిగా నీళ్లు చేరుస్తూ నురగ చేయండి. అది మూడు నిమిషాలైనా ఆరకుండా ఉంటే సబ్బు మంచిదే. వెంట్రుకలు పెరిగే దిశలోనే, నొక్కకుండా గీయండి. ఎదురు గీస్తే నున్నగా వస్తుంది గాని, వెంట్రుక చర్మంలోకి వంగి పొక్కులు లేస్తాయి. చివర చల్లని నీళ్లతో కడిగి, పటిక రుద్దుకుంటే చిన్న గాట్ల రక్తం ఆగుతుంది. పొక్కులు తగ్గకపోతే కొన్నాళ్లు గీయడం మాని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించండి.

6. అన్నిటికన్నా ముఖ్యమైన మాట

హాస్టళ్లలో పళ్లెం, పుస్తకం, దుప్పటి పంచుకుంటాం. అది మన బలం. కానీ రేజరు, బ్లేడు మాత్రం పంచుకోకండి. కంటికి కనబడని గాటు నుంచి అంటిన రక్తంతో హెపటైటిస్ బి, హెపటైటిస్ సి సోకవచ్చు. హెపటైటిస్ బి వైరస్ శరీరం బయట కనీసం ఏడు రోజులు బతికి ఉండగలదు. బ్లేడు కడిగి ఇచ్చాం కదా అంటే చాలదు. హెపటైటిస్ బికి టీకా ఉంది. వేయించుకున్నారో లేదో ఇంట్లో కనుక్కోండి. బ్రష్షు, పటిక ముక్క కూడా ఎవరివి వారికే ఉండాలి.

మరి డబ్బు లేనివాడు ఏం చేయాలి? సబ్బును పంచుకోవచ్చు. కొత్త బిళ్లను వాడకముందే కత్తితో రెండు ముక్కలు చేసి చెరొకటి తీసుకోండి. ట్యూబు అయితే బ్రష్షుకు తగలకుండా ఎవరి బ్రష్షు మీద వారు పిండుకోండి. పాకెట్టు బ్లేడ్లు కలిసి కొని లెక్కపెట్టి పంచుకోండి. వాడిన బ్లేడును కిటికీలోంచి విసరకండి. చెత్త ఎత్తే అక్క చేయి తెగుతుంది. ఒక పాత రేకు డబ్బాలో వేసి మూత పెట్టండి.

గడ్డం ఉంచుకోవాలా, తీయాలా అన్నది ఎవరి ఇష్టం వారిది. తీసే రోజున మాత్రం తక్కువ ఖర్చుతో, గాటు పడకుండా, పక్కవాడికి హాని లేకుండా తీసుకుందాం. ఈ నాలుగు మాటలు మీ గదిలోని చిన్న తమ్ముళ్లకు కూడా చెప్పండి.