వారంలో ఒక రోజు ఆగండి

ఒడిశాలో పురుషోత్తంపూర్ చుట్టుపక్కల పల్లెల్లో తెల్లారకముందే రోడ్డు మీద పరుగుల చప్పుడు వినిపిస్తుంది. సైన్యంలోనో పోలీసు శాఖలోనో కొలువు కొట్టాలని పట్టుబట్టిన పిల్లలు వాళ్లు. గోపాలపూర్ సైనిక నియామక కార్యాలయం నుంచి ర్యాలీ కబురు రాగానే వాళ్లకు 1.6 కిలోమీటర్ల పరుగు తప్ప మరో ధ్యాస ఉండదు. ఆ పట్టుదల చూస్తే ముచ్చటేస్తుంది. కానీ వాళ్లలో చాలామందికి ఒక భయం ఉంది: ‘ఒక్క రోజు మానేస్తే చేసిందంతా పోతుంది’. మోకాళ్లు, పిక్కలు పాడయ్యేది ఆ భయంతోనే.

ఒక్క రోజుకి ఏమీ పోదు. దమ్ము తగ్గినట్టు తెలియాలన్నా ఒకటి రెండు వారాలు పూర్తిగా మానేయాలి. కండబలమైతే ఇంకా ఎక్కువ కాలం నిలుస్తుంది.

అసలు బలం ఎప్పుడు వస్తుందో తెలుసుకుంటే ఈ భయం పోతుంది. ఋషికుల్య ఒడ్డున తారాతారిణి కొండకు 999 మెట్లు. చైత్ర మంగళవారం జాతరకు వెళ్లి అవన్నీ ఎక్కి దిగినవాళ్లను మర్నాడు చూడండి. ఇంటి గుమ్మం దిగడానికి కూడా గోడ పట్టుకుంటారు. ఎక్కేటప్పుడు వచ్చేది ఆయాసం. దిగేటప్పుడు తొడ కండరం సాగుతూనే బరువు ఆపాలి కాబట్టి అందులో సన్నటి చిరుగులు పడతాయి. ఆ నొప్పి ఒకటి నుంచి మూడు రోజుల మధ్య ఎక్కువగా ఉంటుంది. ఈలోగా శరీరం చిరిగినచోట కొత్త మాంసకృత్తులు పేర్చి, కండరాన్ని మునుపటికన్నా గట్టిగా తయారుచేస్తుంది. పరుగులో ఖర్చయిన గ్లైకోజెన్ మళ్లీ నిండడానికి కూడా కడుపునిండా తిండి, సుమారు ఒక రోజు సమయం కావాలి. ఎముక సంగతి మరీ ముఖ్యం. దెబ్బ తగిలినచోట శరీరం ముందు పాత ఎముకను కరిగిస్తుంది, కొత్తది ఆ తర్వాతే కడుతుంది. ఆ మధ్యకాలంలో రోజూ తారురోడ్డు మీద పరుగెత్తితే ఎముకలో సన్నటి పగులు వస్తుంది. అప్పుడు ఒక రోజు ఆగనన్నవాళ్లే నెలల తరబడి ఆగాల్సి వస్తుంది.

ఆగితేనే బలం వస్తుందన్న సంగతి మనం ఉన్న ఒడిశా నేలకు ఎప్పటినుంచో తెలుసు. జూన్ మధ్యలో రజ పండుగ మూడు రోజులూ భూమికి నాగలి ఆనించరు. తొలకరి ముంగిట, పని ముంచుకొచ్చే వేళ, నేలకు సెలవిస్తారు. పంట కావాలనుకునే రైతే ఆ సెలవు ఇస్తాడు.

ఆటల్లోనూ ఇదే తీరు. బరంపురం మీదుగా వెళ్లే రైలు మార్గంలోనే దక్షిణాన ఆమదాలవలస ఉంది. ఆ ప్రాంతంలోని ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్ వెయిట్‌లిఫ్టింగ్‌లో రెండు విభాగాల్లో 110, 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచింది. ఒలింపిక్ పతకం అందుకున్న తొలి భారత మహిళ ఆమె. మొదటి రెండు స్థానాల వాళ్లు ఎత్తింది ఆమెకన్నా రెండున్నర కిలోలే ఎక్కువ. పోటీ అంత బిగువుగా ఉండే ఆ ఆటలోనూ చాలామంది రోజూ తమ గరిష్ఠ బరువు ఎత్తరు. బరువైన రోజు తర్వాత తేలిక రోజు పెట్టుకుంటారు. పోటీ దగ్గర పడుతుంటే సాధన తగ్గిస్తారు. ర్యాలీకి ముందు వారం మీరూ అలాగే తగ్గించుకోండి.

వారాన్ని ఇలా పంచుకోవచ్చు. వేగం పరుగు రెండు రోజులు, వాటి మధ్య కనీసం ఒక రోజు ఎడం. దండీలు, బస్కీలు, పుల్‌అప్స్ రెండు రోజులు. తేలిక పరుగు ఒక రోజు. ఆరో రోజు సరదాగా కబడ్డీయో వాలీబాలో. ఏడో రోజు విశ్రాంతి. విశ్రాంతి అంటే ఫోన్ పట్టుకుని మంచం మీద పడుండటం కాదు. ఏటి గట్టు మీద కాసేపు నడవండి, ఒళ్లు సాగదీయండి, అన్నంలో పప్పో గుడ్డో చేపో ఉండేలా చూసుకోండి, పెందలాడే పడుకోండి. పద్దెనిమిదేళ్లలోపు వాళ్లకు 8 నుంచి 10 గంటల నిద్ర అవసరం, ఆపై వయసుకు 7 గంటలకు తగ్గకూడదు. ఎదుగుదలకు తోడ్పడే హార్మోన్ ఎక్కువగా ఊరేది గాఢనిద్రలోనే.

పొద్దున్న లేవగానే, మంచం దిగకముందే, మణికట్టు మీద వేళ్లుంచి నిమిషం పాటు నాడి లెక్కపెట్టండి. రోజూ ఉండేదానికన్నా బాగా ఎక్కువగా ఉంటే, నిద్ర పట్టకపోతే, ఊరికే చిరాకు వస్తుంటే ఆ రోజు తగ్గించుకోండి. ముంగాలి ఎముక మీద ఒకేచోట వేలితో నొక్కితే నొప్పెడితే పరుగు ఆపి డాక్టరుకు చూపించండి. మూత్రం టీ డికాక్షన్ రంగులోకి మారితే అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.

బద్ధకస్తుడూ ఆగుతాడు, సాధకుడూ ఆగుతాడు. బద్ధకస్తుడు మనసు వద్దన్నప్పుడు ఆగుతాడు, మళ్లీ ఎప్పుడు మొదలుపెడతాడో అతనికే తెలియదు. సాధకుడు ముందే రాసుకున్న రోజున ఆగి, మర్నాడు అదే వేళకు బరిలో ఉంటాడు. స్నేహితుడు ఆదివారం కూడా పరుగెత్తాడని విన్నా తన ప్రణాళికకు కట్టుబడి ఉండటానికి ఎంతో నిబ్బరం కావాలి. ఆ నిబ్బరం పరీక్ష హాలులో, ఉద్యోగంలో, సంసారంలో కూడా అక్కరకొస్తుంది. ఈ రాత్రే కాగితం తీసి వచ్చే వారం రాసుకోండి. అందులో ముందుగా రాయాల్సింది విశ్రాంతి రోజు.