సిస్టర్ల తొలి బడి – క్షయ నేర్పిన పాఠం



పునీత ఎలిజబెత్ ఆన్ సీటన్ ఐదుగురు బిడ్డల తల్లి. భర్త 1803లో ఇటలీలో క్షయతో మరణించారు. 1805లో ఆమె కథోలిక సంఘంలో చేరారు. 1809లో అమెరికాలోని మేరీల్యాండ్ రాష్ట్రం, ఎమిట్స్‌బర్గ్‌లో సిస్టర్ల సభను ప్రారంభించారు. మొదట వారు ఇరుకైన రాతి ఇంట్లో ఉన్నారు. 1810 ఫిబ్రవరిలో పెద్ద ఇంటికి మారి, పేద బాలికలకు ఉచితంగా చదువు చెప్పసాగారు.

కాని క్షయ వారిని వదలలేదు. ఆడపడుచు సిసిలియా 1810లో, పెద్ద కుమార్తె అన్నా 1812లో 16 ఏళ్ళకు, చిన్న కుమార్తె రెబెక్కా 1816లో 14 ఏళ్ళకు, చివరకు ఎలిజబెత్ 1821లో 46 ఏళ్ళకు ఈ వ్యాధికే బలయ్యారు. ప్రార్థన, సేవ, ప్రేమ అన్నీ ఉన్నాయి, మందు లేదు. క్షయ క్రిమిని డాక్టర్ రాబర్ట్ కాక్ కనుగొన్నది 1882లో.

నేడు మందు ఉంది. వార్డులో మేము రోజూ చెప్పేది ఇదే:

1. రెండు వారాలకు మించి దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే కళ్ళె పరీక్ష చేయించుకోండి.
2. దగ్గేటప్పుడు నోటికి గుడ్డ అడ్డు పెట్టుకోండి. కిటికీలు తెరిచి ఉంచండి.
3. ప్రభుత్వ ఆసుపత్రిలో మందులు ఉచితం. సాధారణ క్షయకు ఆరు నెలలు వాడాలి. ఒళ్ళు తేలికపడిందని మధ్యలో మానితే వ్యాధి మొండికేస్తుంది.

బడులలో, హాస్టళ్ళలో ఉన్న సిస్టర్లారా, టీచరమ్మలారా! దగ్గే బిడ్డను వెలివేయకండి, దగ్గును దాచకండి. పరీక్షకు పంపండి. ఆ తల్లి బిడ్డలకు దొరకని మందు మన బిడ్డలకు దొరుకుతుంది.