వేసవి మేత లెక్క తెలిస్తే కొలువు ఊళ్లోనే

చలిదేశాల్లో పశుపోషకుడికి గండం శీతాకాలం. మంచు పచ్చికను కప్పేస్తే నెలల తరబడి దాచిన గడ్డి మీదే మంద బతకాలి. మన తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో లెక్క తిరగబడుతుంది. ఈశాన్య రుతుపవనాల వాన పడ్డాక కార్తీక, మార్గశిరాల్లో గట్ల మీద గడ్డికి కొదవుండదు. అసలు గండం శివరాత్రి దాటాక మొదలై, తొలకరికి బీడు మళ్లీ పచ్చబడేదాకా సాగుతుంది. రైతు మనసు చంపుకొని ఆవును సంతకు తోలేది ఈ నాలుగు నెలల్లోనే.

బైపీసీ పిల్లలు చాలామంది వెటర్నరీ అంటే సూదిమందు అనుకుంటారు. జబ్బు చేసిన పశువుకు వైద్యం కావలసిందే, కానీ మేత ప్రతి పశువుకూ ప్రతిరోజూ కావాలి. పాల మీద బతికే ఈ ప్రాంతంలో మేత లెక్క వేయగలిగినవాడికి పని దొరక్కపోదు.

ఆ లెక్క ఎలా ఉంటుందో చూడండి. పశువు రోజుకు తన బరువులో రెండున్నర నుంచి మూడు శాతం దాకా మేత తింటుంది. ఇది తడి తీసేసి లెక్కగట్టిన తూకం. అంటే 400 కిలోల సంకరజాతి ఆవుకు 10 నుంచి 12 కిలోలు. 120 రోజులకు దాదాపు టన్నుంబావు. రెండు ఆవులున్న ఇంట్లో వామి ఎంత పెద్దదిగా ఉండాలో చెనక్కాయ పీకేనాటికే తేలిపోవాలి. మార్చిలో మేలుకుంటే గడ్డి ధర చెట్టెక్కి కూర్చుంటుంది.

చెనక్కాయ కట్టె వరిగడ్డి కంటే చాలా బలమైన మేత. కానీ కోత వేళ వానకు తడిసి నల్లబడితే బూజు పడుతుంది, అది పశువుకు చేటు. వరిగడ్డిలో మాంసకృత్తులు మూడు నాలుగు శాతమే. దాన్ని మెరుగుపరిచే పని ఏ ఊళ్లోనైనా చేయొచ్చు. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియా, 50 నుంచి 60 లీటర్ల నీళ్లు. యూరియా పూర్తిగా కరిగాక పొరలు పొరలుగా చల్లి, తొక్కి, గాలి చొరకుండా పట్ట కప్పి 21 రోజులు వదిలేయాలి. తీశాక ఘాటు పోయేదాకా ఆరబెట్టి, మొదట కొద్దికొద్దిగా అలవాటు చేయాలి. ఆరు నెలల లోపు దూడలకు పెట్టకూడదు. ఇలా చేస్తే మాంసకృత్తులు ఏడు శాతం దగ్గరికి చేరతాయి. కొలత తప్పి యూరియా ఎక్కువైతే పశువు ప్రాణానికే ముప్పు, అందుకే ఇది చదువుకున్నవాళ్లు దగ్గరుండి చేయించాల్సిన పని. నీళ్లందక వాడిన లేత జొన్నను మేపితే నాము తగులుతుందని పెద్దలు చెప్పేదీ నిజమే. ఆ దశలో పైరులో సైనైడ్ విషం చేరుతుంది, పూతకొచ్చాకే కోయాలి.

ఇక చదువుల సంగతి. తిరుపతి పశువైద్య కళాశాల 1955 నాటిది. 2005లో శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఏర్పడింది. బీవీఎస్సీ అండ్ ఏహెచ్ ఏడాది ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు. అఖిల భారత కోటా 15 శాతం సీట్లు నీట్ ర్యాంకుతో భర్తీ అవుతాయి. మిగతా సీట్ల నిబంధనలు ఆ ఏటి నోటిఫికేషన్‌లో చూసుకోవాలి. ఆ తర్వాత ఎంవీఎస్సీలో పశుపోషణ శాస్త్రం తీసుకుంటే దాణా కంపెనీలు, డెయిరీలు, పరిశోధన సంస్థల దారి తెరుచుకుంటుంది. బెంగళూరులో జాతీయ పశుపోషణ పరిశోధన సంస్థ, ఝాన్సీలో పశుగ్రాస పరిశోధన సంస్థ ఉన్నాయి. పదో తరగతితో ఆగినవాళ్లకు రెండేళ్ల పశుసంవర్ధక డిప్లొమా ఉంది. గ్రామ పశుసంవర్ధక సహాయకుల పోస్టులకు అది పనికొస్తుంది. పుంగనూరు ఆవుల జాతిని కాపాడుతున్న పలమనేరు పరిశోధన కేంద్రాన్ని ఒక్కసారైనా చూసి రండి. మహిళా రైతులే సభ్యులుగా 2014లో తిరుపతిలో మొదలైన శ్రీజ పాల ఉత్పత్తిదారుల కంపెనీ లాంటి చోట్ల మేత సలహా చెప్పగలవాళ్ల అవసరం ఎప్పుడూ ఉంటుంది.

డిగ్రీ లేకున్నా దారుంది. పాలకంకి దశలో మొక్కజొన్న కోసి, ముక్కలు చేసి, గాలి లేకుండా తొక్కి మూసేస్తే 45 రోజులకు పాతరగడ్డి తయారు. దాన్ని మూటలు కట్టి అమ్మడం, గడ్డి కోత యంత్రాన్ని అద్దెకు తిప్పడం, నేపియర్ గడ్డి కణుపులు అమ్మడం అన్నీ వేసవి వ్యాపారాలే. జాతీయ పశుసంపద మిషన్ కింద పశుగ్రాస యూనిట్‌కు ఖర్చులో సగం, గరిష్ఠంగా 50 లక్షల దాకా రాయితీ ఉంది. నా కంట పడేది మరొకటి: మామిడి గుజ్జు ఫ్యాక్టరీల తొక్క. తడి ఎక్కువ కాబట్టి రెండు రోజుల్లో కుళ్లుతుంది. వరిగడ్డితో కలిపి పాతర వేస్తే మేతగా మారుతుంది. చిత్తూరు జిల్లాలో ఇంతకన్నా దగ్గర దొరికే ముడిసరుకు ఏముంది?

రాయితీ అనగానే దరఖాస్తుకు పరుగెత్తొద్దు. ముందు ఒక వేసవి మొత్తం ఏదైనా పాలకేంద్రంలోనో పశువుల ఫారంలోనో పనిచేయండి. గడ్డి ఏ నెలలో కొనాలో, ఎవరికి అరువివ్వకూడదో అక్కడే తెలుస్తుంది. బ్యాంకు మెట్లెక్కేది ఆ తర్వాతే.