మాల్టానా? సైప్రసా?

మధ్యధరా సముద్రంలో సెలవులు గడపాలనుకునేవారిని ఊరించే ఈ రెండు దేశాలూ పరీక్షల్లో అభ్యర్థులను తికమకపెడతాయి. రెండూ ఒకప్పటి బ్రిటిష్ వలస రాజ్యాలే. 2004లో ఐరోపా సమాఖ్యలో చేరాయి, 2008లో యూరోను స్వీకరించాయి. తేడాల దగ్గరే మార్కులు పోతాయి.

మాల్టా 316 చదరపు కిలోమీటర్ల చిన్న ద్వీపసమూహం. 2007 నుంచి ఐరోపాలోని సరిహద్దు తనిఖీల్లేని షెంజెన్ ప్రాంతంలో ఉంది. రాజధాని వాలెట్టా నగరమే ప్రపంచ వారసత్వ స్థలం. నాలుగు రోజుల సెలవే ఉంటే ఇదే మేలు.

మధ్యధరా దీవుల్లో విస్తీర్ణంలో సైప్రస్‌ది సిసిలీ, సార్డీనియాల తర్వాతి స్థానం. సముద్రతీరంతోపాటు ట్రూడోస్ కొండలూ చూడొచ్చు. 1974లో తుర్కియే సైనిక దాడితో దీవి రెండుగా చీలింది. ఆ రెండు భాగాలను వేరుచేసే ‘గ్రీన్ లైన్’ రాజధాని నికోసియా మధ్యగా సాగుతుంది. ఉత్తర భాగాన్ని దేశంగా గుర్తించింది తుర్కియే ఒక్కటే. సైప్రస్‌లోని ఐరాస శాంతిదళానికి నాయకత్వం వహిస్తూ 1965లో కన్నుమూసిన జనరల్ కె.ఎస్. తిమ్మయ్య మన భారత సైన్యాధిపతిగా పనిచేసినవారు.