బిడ్డను అప్పగించకపోతే ఏం చేయాలి?

భార్యాభర్తలు విడిపోయినా బిడ్డకు తల్లిదండ్రులుగానే ఉంటారు. బిడ్డ తల్లి వద్ద పెరగాలని, ప్రతి ఆదివారం తండ్రి చూడవచ్చని కోర్టు ఉత్తర్వు ఇచ్చిందనుకోండి. ఆ వేళకు తండ్రి వస్తే ఇంటికి తాళం వేసి ఉంటుంది. లేదా సెలవులకు తీసుకువెళ్లిన తండ్రి బిడ్డను తిరిగి పంపడు. అప్పుడు దారి ఏది?

ముందుగా ఒక సంగతి. మేత్రాసన న్యాయస్థానం వివాహం చెల్లదని తీర్పు ఇచ్చినా దానికి సివిల్ చట్టంలో బలం లేదని సుప్రీంకోర్టు 1996లోనే చెప్పింది. కనుక పిల్లల సంరక్షణ విషయం ఫ్యామిలీ కోర్టులో, అది లేనిచోట జిల్లా కోర్టులో తేలవలసిందే. క్రైస్తవులకు వర్తించే 1869 నాటి విడాకుల చట్టం, అన్ని మతాలవారికీ వర్తించే 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం ఇందుకు ఆధారం.

ఉత్తర్వును పాటించకపోతే:

1. ఉత్తర్వు ఇచ్చిన కోర్టులోనే అమలు పిటిషన్ వేయండి. ఫ్యామిలీ కోర్టు ఉత్తర్వుకు సివిల్ కోర్టు ఉత్తర్వుతో సమానమైన బలం ఉంది.

2. బిడ్డను సంరక్షకుల వద్దనుండి తీసుకుపోతే, బిడ్డ మేలు దృష్ట్యా తిరిగి రప్పించి అప్పగించే అధికారం 1890 చట్టం 25వ సెక్షన్ కోర్టుకు ఇచ్చింది. ఆ చట్టం కింద బిడ్డను హాజరుపరచమన్నా పరచనివారికి 45వ సెక్షన్ ప్రకారం జరిమానా వేయవచ్చు. హాజరుపరుస్తామని మాట ఇచ్చేదాకా సివిల్ జైలులో ఉంచవచ్చు.

3. ఉత్తర్వును కావాలని ధిక్కరిస్తే 1971 నాటి కోర్టు ధిక్కార చట్టం కింద ఆరు నెలల వరకు సాధారణ జైలు శిక్ష, లేదా రూ. 2,000 వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

4. బిడ్డను అక్రమంగా అట్టిపెట్టుకుంటే హైకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషన్ వేయవచ్చు.

"భరణం ఇవ్వలేదు కాబట్టి బిడ్డను చూపించను", "చూపించలేదు కాబట్టి భరణం ఇవ్వను" అనడం రెండూ తప్పే. భరణం వేరు, బిడ్డను చూసే హక్కు వేరు. పరిస్థితులు మారితే ఉత్తర్వును మార్చమని కోర్టునే అడగాలి. ఇటువంటి ఉత్తర్వులు మార్చరానివి కావని, పిల్లలు తల్లిదండ్రుల ఆటవస్తువులు కారని 1973లో ఒక క్రైస్తవ దంపతుల కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

ఉత్తర్వు సర్టిఫైడ్ నకలు దగ్గర ఉంచుకోండి. బిడ్డను చూపించని తేదీలను రాసి పెట్టుకోండి. లాయరు ఫీజు కట్టలేని తల్లులు వెనుకాడవద్దు. 1987 నాటి చట్టం ప్రకారం స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచిత సహాయం అందిస్తుంది.

అన్నిటికంటే ముందు విచారణ గురువుల ఎదుట, పెద్దల ఎదుట కూర్చుని మాట్లాడుకోండి. కోర్టు బిడ్డను ఇప్పించగలదు గాని, అమ్మానాన్నల మధ్య నలిగిన ఆ పసిమనసుకు ఊరట ఇవ్వవలసింది మీరే.